గుడారం వేసిన చోటే ఇల్లు: మెల్ కింగ్ గురించి ఒక ప్లానర్ మాట

(పట్టణ ప్రణాళిక విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ అధికారి చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్నవాళ్లు ఈ కాగితం అందుకుని, చూసి, వెనక్కి పంపించండి. కాస్త జాగ్రత్త, మడతల దగ్గర చిరుగుతోంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువ గట్టు మీది బస్తీని సర్వే చేయడానికి వాడిన ఫారం ఇది. ఖాళీ ఫారమే, ఎవరి పేర్లూ లేవు. ఇంటి నంబరు, కుటుంబ యజమాని పేరు, గోడ రకం, కప్పు రకం, విస్తీర్ణం, పట్టా ఉందా లేదా... ఇలా 14 గళ్లు ఉంటాయి. చిట్టచివరి గడిలో ఆ నేల ఏ వర్గమో రాయాలి. కాలువ గట్టు కాబట్టి ప్రతి ఇంటికీ ఒకటే రాశాను: అభ్యంతరకర పోరంబోకు. అంటే ఇళ్లకు పట్టా ఇవ్వడానికి వీల్లేని ప్రభుత్వ నేల. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకే అప్పగించారు. రెండు రోజులు కూర్చుని అదే మాట రాశాను.

ఏడాది తిరక్కుండా ఆ ఇళ్లన్నీ పోయాయి. ఊరికి తొమ్మిది కిలోమీటర్ల అవతల స్థలాలు చూపించారు. బస్సు లేదు. ఇళ్లలో పాచిపని చేసుకునే ఆడవాళ్లు, మార్కెట్లో మూటలు మోసే మగవాళ్లు అంత దూరం నుంచి ఎలా వస్తారు? కొన్నాళ్లకు చాలామంది తిరిగొచ్చి ఇంకో కాలువ గట్టు చూసుకున్నారు. మళ్లీ సర్వే. మళ్లీ అదే ఫారం.

కాగితం మీద ఒక మాట ఎంత పని చేస్తుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ మాటను ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు అనే ప్రశ్నకు జవాబు మాత్రం రిటైరయ్యాకే దొరికింది. అది ఒక మనిషి జీవితంలో దొరికింది. ఆయన పేరు మెల్ కింగ్. అమెరికాలోని బోస్టన్‌లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పోయారు. నగర ప్రణాళిక బోధించిన ప్రొఫెసర్, రాష్ట్ర శాసనసభలో పదేళ్లు సభ్యుడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి నేనెక్కడా చదవలేదు.

మా అమ్మాయి బోస్టన్‌లో ఉంటుంది. మేం వెళ్లినప్పుడు పొద్దున్నే నడవడానికి నాకొక మంచి దారి దొరికింది, సౌత్‌వెస్ట్ కారిడార్ పార్క్. ఆరెంజ్ లైన్ రైలు వెంట మైళ్ల పొడవున సాగే సన్నటి పార్కు. చెట్లు, సైకిల్ బాట, అక్కడక్కడా జనం కూరగాయలు పండించుకునే మడులు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ చివరి దాకా, బ్యాక్ బే స్టేషన్ దాకా వెళ్లాను. డార్ట్‌మౌత్ స్ట్రీట్ దగ్గర పార్కుకు ఒక పక్క కోప్లీ ప్లేస్ అనే పెద్ద షాపింగ్ మాల్ ఉంది, అన్నీ ఖరీదైన కొట్లే. ఇంకో పక్క ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లు. పాత వీధి ఇళ్లతో చక్కగా కలిసిపోయాయి. పేరు చూస్తే టెంట్ సిటీ. అంటే గుడారాల ఊరు! అంత ఖరీదైన చోట కట్టిన ఇళ్లకు ఆ పేరేమిటి?

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఒక పెద్దావిడను అడిగాను. పది నిమిషాలు ఓపిగ్గా చెప్పింది. మిగతాది నాలుగు అడుగుల దూరంలోనే ఉన్న బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని రోజుల తరబడి చదివాను. అక్కడ ఏరుకున్నదే ఈరోజు మీకు చెబుతున్నాను.

మెల్విన్ కింగ్ 1928 అక్టోబరు 20న పుట్టారు. తల్లిదండ్రులు కరీబియన్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లు. పెద్ద కుటుంబం. సౌత్ ఎండ్ అనే ప్రాంతంలో న్యూయార్క్ స్ట్రీట్స్ అనే పేటలో ఉండేవాళ్లు. ఆల్బనీ, సెనెకా, ఒనైడా, రోచెస్టర్... న్యూయార్క్ రాష్ట్రంలోని ఊళ్ల పేర్లు అక్కడి వీధులకు పెట్టారు కాబట్టి పేటకు ఆ పేరొచ్చింది. నల్లవాళ్లు, యూదులు, ఐరిష్ వాళ్లు, గ్రీకులు, సిరియన్లు, లిథువేనియన్లు, ఇలా దేశదేశాల నుంచి వచ్చిన పేదలంతా పక్కపక్క ఇళ్లలో కాపురాలు చేసిన చోటు అది. ఎవరి చర్చి వాళ్లది, ఎవరి వంట వాళ్లది, వీధి మాత్రం అందరిదీ.

కింగ్ దక్షిణాదిన క్లాఫ్లిన్ కాలేజీలో లెక్కలు చదివి 1950లో డిగ్రీ తీసుకున్నారు. తిరిగొచ్చి బోస్టన్‌లో ఉపాధ్యాయ విద్యలో మాస్టర్స్ చేసి, లెక్కల టీచరుగా చేరారు. ఆ రోజుల్లోనే వాళ్ల పేట నగర యంత్రాంగం కంట్లో పడింది. 1949లో అమెరికా కొత్త హౌసింగ్ చట్టం తెచ్చింది. నగరాల్లో పాడుబడిన పేటల్ని సేకరించి, నేలమట్టం చేసి, కొత్తగా కట్టడానికిస్తే నికర ఖర్చులో మూడింట రెండు వంతులు కేంద్రమే భరిస్తుంది. ఏ పేట అయినా అందులోకి రావాలంటే దానికి ఒక మాట తగిలించాలి: బ్లైటెడ్. చీడ పట్టిన పంటకు వాడే మాట అది. న్యూయార్క్ స్ట్రీట్స్‌కు ఆ మాట తగిలించారు. 1950ల మధ్యలో పేట మొత్తం కూల్చేశారు. ఇళ్లు పోయిన చోట పరిశ్రమలు, గోదాములు, ఒక దినపత్రిక ప్రెస్సు వచ్చాయి. ఆ పత్రిక ఆఫీసు కూడా వెళ్లిపోయాక ఇప్పుడు అక్కడ ఇంక్ బ్లాక్ అనే పేరుతో ఖరీదైన అపార్ట్‌మెంట్లున్నాయి.

అభ్యంతరకరం అనే మాటా, బ్లైటెడ్ అనే మాటా ఎక్కడ కలుస్తాయో ఒక్కసారి ఆలోచించండి. రెండూ నేల గురించి చెబుతున్నట్టే ఉంటాయి. దెబ్బ తగిలేది మనుషులకు.

తర్వాత పదేళ్ల పైన కింగ్ స్కూల్లోనూ, పేటల్లోని కుర్రాళ్లతోనూ పనిచేశారు. అక్కడ సెటిల్‌మెంట్ హౌస్ అనేవాళ్లు. పేదల మధ్య సేవా కేంద్రం లాంటిది. వీధి గ్యాంగుల్లో తిరిగే పిల్లల్ని చేరదీయడం ఆయన పని. మధ్యలో బోస్టన్ స్కూల్ కమిటీకి 1961, 1963, 1965 ఎన్నికల్లో మూడుసార్లు పోటీ చేసి మూడుసార్లూ ఓడిపోయారు. పేటలో ఏం జరగాలో ప్రభుత్వం చెప్పడం కాదు, అక్కడుండే జనం చెప్పాలని ఆయన వాదించడం మొదలుపెట్టాక సేవా కేంద్రం ఉద్యోగంలోంచి తీసేసింది. పేట జనం ఊరుకోలేదు, గొడవ చేశారు. మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది, అదీ జనాన్ని కూడగట్టే పనికే.

తర్వాత ఆయన నల్లవాళ్ల హక్కుల కోసం పనిచేసే అర్బన్ లీగ్ అనే సంస్థ బోస్టన్ శాఖకు నాయకుడయ్యారు. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నగరంలో పెద్ద పెద్ద దాతలంతా కూడి, ఏ సంస్థకు ఎంత విరాళం ఇవ్వాలో తేల్చే నిధి తాలూకు విందు. నల్లవాళ్ల పేటలకు వచ్చేది ఎప్పుడూ అరకొరే. కింగ్ విందులోకి వెళ్లి, బల్లల మీద మిగిలిపోయిన రొట్టె ముక్కలూ ఎంగిలి మెతుకులూ ఒక సంచిలోకి ఎత్తుకుని, తీసుకెళ్లి పెద్దలు కూర్చున్న బల్ల మీద కుమ్మరించారు. మాకు మీరిచ్చేది ఇదే అని చూపించడానికి. ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో! ఆరడుగుల పైన ఎత్తు మనిషి, మాట మాత్రం చాలా నెమ్మది అని తెలిసినవాళ్లంతా రాశారు.

ఇక గుడారాల సంగతి. కాస్త నిదానంగా చెబుతాను.

1968 ఏప్రిల్. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపి మూడు వారాలే అయింది. సౌత్ ఎండ్‌లో నగర పునర్నిర్మాణం పేరుతో ఇళ్లు కూలుతూనే ఉన్నాయి. ఖాళీ చేసినవాళ్లకు కట్టిస్తామన్న ఇళ్లు మాత్రం కాగితం దాటడం లేదు. డార్ట్‌మౌత్ స్ట్రీట్ మూల మీద అలా ఇళ్లు కూల్చిన జాగా ఒకటి ఉంది. దాన్ని కార్ల పార్కింగ్‌కు వాడుతున్నారు. కుటుంబాలు ఉన్న చోట ఇప్పుడు కార్లు ఉన్నాయి. ఏప్రిల్ 26న మెల్ కింగ్, ఆయనతో పాటు పేట జనం వెళ్లి ఆ పార్కింగ్ దారికి అడ్డంగా నిలబడ్డారు. పోలీసులు వచ్చి 23 మందిని అరెస్టు చేశారు. కింగ్ కూడా వాళ్లలో ఉన్నారు. మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. గుడారాలు వేశారు, చెక్కముక్కలతో గుడిసెలు కట్టారు. పాటలు, వంటలు, పిల్లల ఆటలు. టెంట్ సిటీ అని బోర్డు పెట్టారు. మూడు నాలుగు రోజులు ఉండి, తర్వాత వాళ్లే తీసేసి వెళ్లారు.

ధర్నాలు మనం చూడనివా? టెంటు వేయడం, మైకు పెట్టడం, నాయకులు రావడం, వినతిపత్రం ఇవ్వడం, టెంటు ఎత్తేయడం, మనకన్నీ తెలుసు. ఆ జాగాలో జరిగింది ఇంకొకటి. జనం గుడారాలు తీసేశారు గానీ జాగాను వదల్లేదు. ఆ నేలలో ఎలాంటి ఇళ్లు రావాలి, ఎవరికి రావాలి, అద్దె ఎంత ఉండాలి అని వాళ్లే కూర్చుని తేల్చుకోవడం మొదలుపెట్టారు. దానికోసం ఒక కమిటీ, తర్వాత టెంట్ సిటీ కార్పొరేషన్ అని సొంత సంస్థ పెట్టుకున్నారు. మేయర్లు మారారు. ప్లాన్లు మారాయి. పక్కనే అంత పెద్ద మాల్ లేచింది, నేల ధర ఆకాశానికంటింది. వాళ్లు మాత్రం ఒక లెక్క దగ్గర గట్టిగా నిలబడ్డారు: పావు వంతు ఇళ్లు బాగా పేదలకు, సగం ఇళ్లు మధ్యస్థ ఆదాయం ఉన్నవాళ్లకు, మిగిలిన పావు వంతు మాత్రమే మార్కెట్ అద్దెకు. 1988లో 269 ఇళ్లు తయారయ్యాయి. గుడారం వేసిన నాటి నుంచి ఇరవై ఏళ్లు.

ఇరవై ఏళ్లంటే మన భాషలో నాలుగు ప్రభుత్వాలు. ఒక ప్లానర్ సర్వీసులో సగానికి పైన. ఆ ఇరవై ఏళ్లలో కింగ్ ఏం చేశారన్నది చూస్తే ఆయన ఎలాంటి ప్లానరో తెలుస్తుంది.

1970లో ఎంఐటీలో నగర అధ్యయనాలు, ప్రణాళిక విభాగంలోకి వెళ్లారు. కమ్యూనిటీ ఫెలోస్ ప్రోగ్రామ్ అని ఒకటి అక్కడ మొదలైంది. దేశం నలుమూలల పేదపేటల్లో పనిచేస్తున్న నల్లవాళ్లను, లాటినోలను, ఇతర మైనారిటీల వాళ్లను ఏడాది పాటు ఎంఐటీకి తీసుకొస్తారు. వీధిలో నేర్చుకున్నదాని గురించి ఆలోచించుకోవడానికీ, రాసుకోవడానికీ వాళ్లకు తీరిక ఇస్తారు. ప్రొఫెసర్లు చెప్పడం, వాళ్లు వినడం అన్నట్టు కాకుండా వాళ్ల అనుభవమే అక్కడ పాఠం. దాదాపు పాతికేళ్లు, 1996 దాకా ఆయన ఆ పని నడిపించారు. ప్రణాళిక విభాగంలో ఆయనకు అడ్జంక్ట్ ప్రొఫెసర్ హోదా ఉండేది.

ఆ పని చేస్తూనే 1972 ఎన్నికల్లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచారు. మన లెక్కలో ఎమ్మెల్యే. అక్కడ పదవీకాలం రెండేళ్లే, ఐదుసార్లు గెలిచి 1973 నుంచి పదేళ్లు ఉన్నారు. సభకు కోటూ టై కట్టుకుని కాకుండా ఆఫ్రికన్ దషికీ వేసుకుని వెళ్లేవారు. 1973లోనే సభలో నల్లజాతి సభ్యులు కలిసి కాకస్ అనే తమ బృందం పెట్టుకున్నారు, ఆయన కూడా దాని వ్యవస్థాపకుల్లో ఒకరు.

నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది శాసనసభలో ఇచ్చిన ఉపన్యాసాలు కావు. ఎంఐటీలో బుధవారం పొద్దున జరిగే టిఫిన్ సమావేశాలు. ప్రతి బుధవారం కింగ్ పిలుపు మీద పేటల్లో పనిచేసేవాళ్లు, పేదల తరఫు లాయర్లు, ప్లానింగ్ టీచర్లు, సర్కారు ఉద్యోగులు, శాసనసభ్యులు ఒక బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు. ఎజెండా ఒక్కటే. పేద పేటలో జనం సొంతంగా ఇళ్లు కట్టుకోవాలన్నా, చిన్న వ్యాపారం పెట్టుకోవాలన్నా బ్యాంకు అప్పివ్వదు. అప్పు రావాలంటే ముందు ప్లాన్ గీయించాలి, నేల పరీక్ష చేయించాలి, ఆర్కిటెక్టుకు డబ్బివ్వాలి. ఆ మొదటి డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. అందువల్ల కాంట్రాక్టరే గెలుస్తాడు. ఈ ముడి ఎలా విప్పాలి?

ఆ బల్ల దగ్గర పుట్టిన ఆలోచనలు బిల్లులయ్యాయి. 1975లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఫైనాన్స్ కార్పొరేషన్ వచ్చింది, పేద పేటల సంస్థలతో కలిసి పెట్టుబడి పెట్టడానికి. 1978లో సెడాక్ (కమ్యూనిటీ ఎకనామిక్ డెవలప్‌మెంట్ అసిస్టెన్స్ కార్పొరేషన్) అనే సంస్థ వచ్చింది. ఇందాక చెప్పానే, ప్లాన్ గీయించడానికి కావాల్సిన మొదటి డబ్బు అని, అది ఇవ్వడానికీ, సాంకేతిక సలహాకూ. సెడాక్ ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థలు కట్టిన ఎన్నో ఇళ్ల వెనక దాని చేయి ఉంది.

విద్యార్థులు పట్టించుకోవాల్సింది ఆ మొదటి చట్టంలో నిర్వచనాల పేజీ. మనం సాధారణంగా దాటేసి వెళ్లిపోయే పేజీ. కమ్యూనిటీ సంస్థ అంటే ఏమిటి అని అక్కడ రాశారు. ఆ ప్రాంతంలో నివసించే పెద్దవాళ్లందరికీ సభ్యత్వం తెరిచి ఉండాలి. బోర్డులో ఎక్కువమందిని ఆ సభ్యులే ఎన్నుకోవాలి. అలా ఉంటేనే సర్కారు డబ్బు. లేకపోతే ఏ పెద్దమనిషి అయినా పేదల పేరుతో ఒక సొసైటీ రిజిస్టర్ చేసి డబ్బు పట్టుకుపోతాడు. మనకు ఇది కొత్తగా చెప్పాలా?

చీడ అనే ఒక్క నిర్వచనంతో తన పేట పోయింది. తిరిగి ఆయన నిర్వచనాలు రాసే చోటికే వెళ్లి కూర్చున్నారు. పేటకు నిర్వచనం పేట జనమే అని రాయించారు. ఈ వాక్యం దగ్గర నేను లైబ్రరీలో పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. నా గుండ్రటి చేతిరాత గుర్తొచ్చింది.

హైవే సంగతి. నేను నడిచిన పార్కు ఉందే, అక్కడ ఎనిమిది వరసల హైవే రావాల్సింది. ఐ-95 రహదారిని నగరం నడిబొడ్డు గుండా తేవాలని 1960ల్లో రాక్స్‌బరీ, జమైకా ప్లెయిన్ పేటల్లో వందల ఇళ్లు కూల్చేశారు కూడా. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, యూనివర్సిటీ వాళ్లు, చర్చిల వాళ్లు అందరూ కలిసి ఎదిరించారు. 1970లో గవర్నర్ సార్జెంట్ పనులు ఆపించి, 1972లో రోడ్డు మొత్తం రద్దు చేశారు. ఆయన స్వయానా పూర్వం రోడ్ల శాఖ అధిపతి. తన శాఖ ప్లాన్‌ను తనే ఆపారు, ఆయన్ను కూడా మనం మరిచిపోకూడదు. 1973 ఫెడరల్ చట్టంతో రోడ్డు డబ్బును రైలుకు మళ్లించే వీలు వచ్చింది. 1987లో ఆరెంజ్ లైన్ ఆ దారిలో నడవడం మొదలుపెట్టింది, పైన పార్కు. ఈ పోరాటం ఎందరిదో. కింగ్ వాళ్లలో ఒకరు.

పార్కులో కూరగాయల మడులన్నాను కదా. 1974లో కింగ్ ఇంకో చట్టం తెచ్చారు, ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ భూమిలో జనం తోటలు, కూరగాయలు పెంచుకోవచ్చని. చిన్న చట్టమే. ఇళ్లు కూల్చి వదిలేసిన జాగాల్లో చెత్త పోగవుతున్న రోజులవి. దక్షిణాది పల్లెల నుంచి, ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లకు మట్టి పని తెలుసు. వాళ్ల చేతికి ఆ నేల వచ్చింది.

పెన్షన్ల చట్టం మీద ఆయన పట్టుదల వేరే స్థాయిది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన నడుస్తున్న కాలం. మసాచుసెట్స్ ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ నిధి అక్కడ వ్యాపారం చేసే కంపెనీల్లో ఉంది. ఆ డబ్బు వెనక్కి తీయాలని ప్రతినిధుల సభలో కింగ్, సెనేట్‌లో జాక్ బ్యాక్‌మన్ బిల్లు నడిపారు. గవర్నర్ వీటో చేశారు. గవర్నర్ పేరు కూడా కింగే, ఎడ్వర్డ్ కింగ్. 1983 జనవరి మొదటి రోజుల్లో, కింగ్ సభ్యత్వం ముగియడానికి కొద్ది ముందు, ఉభయ సభలూ ఆ వీటోను తోసిపుచ్చాయి. తర్వాత ఎన్నో రాష్ట్రాలు, నగరాలు ఆ దారి పట్టాయి.

మేయర్ ఎన్నికల గురించి అందరూ ఎక్కువగా రాస్తారు, నేను తక్కువే చెబుతాను. 1979లో పోటీ చేసి తొలి విడతలోనే ఆగిపోయారు. 1983లో మళ్లీ నిలబడ్డారు. నల్లవాళ్లు, లాటినోలు, ఆసియన్లు, ఉదారవాద తెల్లవాళ్లు, స్వలింగ సంపర్కులు, అద్దెకుండేవాళ్లు, అందర్నీ కలిపి రెయిన్‌బో కూటమి అన్నారు. ఇంద్రధనుస్సు అన్న మాట. నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడుల్లో కలపడానికి బస్సుల్లో పంపినప్పుడు జరిగిన గొడవల్లో రాళ్లు రువ్వుకున్న నగరం అది, అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. అలాంటి చోట తొలి విడతలో ఆయన, రే ఫ్లిన్ దాదాపు సమానంగా వచ్చారు. బోస్టన్ మేయర్ తుది పోటీకి చేరిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. నవంబరులో ఫ్లిన్ దాదాపు 65 శాతం ఓట్లతో గెలిచారు. ఇద్దరూ ఇళ్ల గురించి, పేటల గురించే మాట్లాడారు. టెంట్ సిటీ ఇళ్లు ఫ్లిన్ మేయరుగా ఉన్నప్పుడే పూర్తయ్యాయి. 1986లో కింగ్ కాంగ్రెస్ సీటుకు కూడా పోటీ చేసి ఓడారు.

ఇన్ని ఓటములు లెక్కపెడితే ఆయన్ను గెలవని మనిషి అనొచ్చు. నేను అలా లెక్కపెట్టను. ఆయన కాలంలో గెలిచినవాళ్లు కట్టించిన ఆఫీసు టవర్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. 269 కుటుంబాలు ఏ ఇంట్లో నిద్రపోతున్నాయో మాత్రం నేను కళ్లారా చూశాను.

ఒక నిజం దాచకూడదు. టెంట్ సిటీ వచ్చినంత మాత్రాన సౌత్ ఎండ్ పేదలది కాలేదు. చుట్టుపక్కల ఎర్ర ఇటుక ఇళ్లు ఇప్పుడు మన ఊహకందని ధర పలుకుతున్నాయి. ప్యూర్టోరికో వాళ్లు పోరాడి దక్కించుకున్న విల్లా విక్టోరియా, ఈ టెంట్ సిటీ, ఇలాంటివి కొన్ని మాత్రం నిలబడ్డాయి. అవి నిలబడడానికి కారణం నేల, సంస్థ, అద్దె లెక్క, మూడూ రాతపూర్వకంగా జనం చేతిలో ఉండటమే. ఉద్యమం మాత్రమే చేసి రాత లేకుండా వదిలేసిన చోట్ల ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. పక్కనే రాక్స్‌బరీలో డడ్లీ స్ట్రీట్ జనం సంస్థకు 1988లో నగరం భూసేకరణ అధికారమే ఇచ్చింది. ఖాళీ జాగాల్ని యజమానుల నుంచి సేకరించే అధికారం, పేట జనం ఎన్నుకున్న బోర్డుకు! మన కలెక్టర్ ఆఫీసుల్లో ఎన్నో ఏళ్లు తిరిగినవాణ్ని, మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు. మళ్లీ చదివాను.

మన దగ్గర రాత లేదా? ఉంది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు తీసుకోవాలని చట్టమే చెబుతోంది. నేనూ తీసుకున్నాను, బస్తాల కొద్దీ. రియల్ ఎస్టేట్ వాళ్ల అభ్యంతరాలు టైపు చేసి, మ్యాపు జతచేసి, సర్వే నంబర్లతో వచ్చేవి. బస్తీల నుంచి వచ్చేవి చాలా తక్కువ, వచ్చినా తెల్లకాగితం మీద వేలిముద్రలు. ప్లాను చదివి చెప్పేవాడు వాళ్ల దగ్గర లేడు. మనం ఇటు కూర్చుని ఉన్నాం కాబట్టి. బుధవారం బల్ల లాంటిది మన ఏ ఊళ్లో అయినా ఒక్కటి ఉంటే ఎన్ని వేలిముద్రలు సర్వే నంబర్లయ్యేవో అని నాకు బాధగా ఉంటుంది. మీలో పదిమంది అనుకుంటే సొంతూళ్లోనే మొదలుపెట్టొచ్చు. దానికి జీవో అక్కర్లేదు.

చివరి దాకా కింగ్ గుడారం వేసిన చోటికి దగ్గర్లోనే ఉన్నారు. ఆయనా, భార్య జాయిస్ గారూ ఆదివారం పూట ఇంటి తలుపు తీసి పెట్టేవారట. ఎవరైనా వచ్చి తిని, మాట్లాడి వెళ్లొచ్చు. టెంట్ సిటీలోనే సౌత్ ఎండ్ టెక్నాలజీ సెంటర్ పెట్టారు. పేట పిల్లలకూ పెద్దలకూ కంప్యూటర్లు నేర్పించడానికి. 2003 ప్రాంతంలో ఎంఐటీ వాళ్ల తొలి ఫ్యాబ్ ల్యాబుల్లో ఒకటి అక్కడికి వచ్చింది, వస్తువులు డిజైన్ చేసి సొంతంగా తయారుచేసుకునే చిన్న కర్మాగారం అన్నమాట. అలాంటి తొలి ల్యాబుల్లో ఇంకొకటి పుణె దగ్గర పాబల్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమ్‌లో పెట్టారు. మీలో ఎవరైనా అటు వెళ్తే తప్పక చూడండి.

2023 మార్చి 28న ఆయన చనిపోయారు. 94 ఏళ్లు.

ఫారం వెనక బెంచీల దాకా వెళ్లిందా? మంచిది. ఇప్పుడు అందరూ ఒక పని చేద్దాం. అందులో 14 గళ్లున్నాయి. పనికి ఎంత దూరం నడుస్తారు అన్న గడి లేదు. జబ్బు చేస్తే బియ్యం బదులిచ్చే పక్కింటివాళ్లెవరు అన్న గడి లేదు. ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అన్న గడి అసలే లేదు. మీకు తోచినవి మీ నోటుబుక్కులో రాయండి, ఇంకా ఏ గళ్లు ఉండాలి, ఏవి తీసేయాలి, చివరి గడిలో ఏ మాట రావాలి, దాన్ని ఎవరు రాయాలి. పదిహేను నిమిషాలు తీసుకోండి. తర్వాత ఒక్కొక్కరూ చదివి వినిపించండి, నేను రాసుకుంటాను.